రాయనీకి ఏం లేదు మేడమ్

‘మా ఊరు’ అనే వ్యాసం చిన్నప్పుడు మీరూ రాసే ఉంటారు. ఒక్కసారి యాది చేసుకోండి. మా ఊరు చాలా అందమైనది, ఊరి చుట్టూ పచ్చని పొలాలు, ఊరి పక్కన గలగల పారే ఏరు, కలిసిమెలిసి ఉండే జనం. ఇట్లాగే కదా మొదలుపెట్టింది?

నేను తెలుగు చెప్పేది పటాన్‌చెరు దాటాక, ఇస్నాపూర్, పాశమైలారం వైపు ఒక సర్కారు హైస్కూల్లో. ఈ బడికి బదిలీ మీద వచ్చిన కొత్తల్లో ఎనిమిదో తరగతికి ఇదే వ్యాసం ఇచ్చాను. నలభై ఒక్క కాయితాలు వచ్చాయి. నలభై ఒక్కింటిలోనూ ఏరు గలగల పారింది. కోడి కూసింది, రైతు నాగలి భుజానేసుకుని పొలానికి పోయాడు. దిద్దుతూ దిద్దుతూ తలెత్తి కిటికీలోంచి చూశాను. ఒక పొగగొట్టం, దాని వెనక ఇంకో పొగగొట్టం, ముంబై రోడ్డెక్కడానికి వరసగా నిలబడ్డ ట్యాంకర్లు. నాగలి ఎక్కడా లేదు. ఆ పిల్లల తండ్రుల్లో చాలామంది నాగలి వదిలేసి ఇక్కడికి వచ్చినవాళ్లే.

మర్నాడు ముందు బెంచీ పిల్లవాణ్ని పిలిచి, “నువ్వు రాసిన ఏరు ఎక్కడుంది బిడ్డా?” అని అడిగాను.

“గైడ్‌ల ఉంది మేడమ్,” అన్నాడు నిజాయితీగా.

“మరి నీకు రోజూ కనబడేది ఎందుకు రాయలేదు?”

“కనబడేదాంట్ల రాయనీకి ఏం లేదు మేడమ్. అన్నీ కంపెనీలే.”

ఆ జవాబు నన్ను ఇప్పటికీ వదల్లేదు. తర్వాత ఎన్ని బ్యాచ్‌లు మారినా ప్రతి జూన్‌లో ఏదో ఒక మూల నుంచి అదే మాట వినబడుతుంది. రాయనీకి ఏం లేదు. ఒక పదమూడేళ్ల పిల్లవాడు తన బతుకులో చెప్పుకోదగ్గది ఏదీ లేదనుకుంటున్నాడంటే అది వాడి తప్పు కాదు. రాయదగ్గ ఊరంటే ఎట్లా ఉండాలో వాడికి ముందే ఎవరో చెప్పేశారు. వాడి ఊరు అట్లా లేదు. అందుకని వాడు తన ఊరిని పక్కనపెట్టి, గైడ్‌లో ఉన్న ఊరిని తెచ్చి నాకు అప్పజెప్పాడు.

ఈ మాట పిల్లల నోట్లోనే పుట్టిందనుకోకండి. తొంభై ఏళ్ల కింద ఒక ప్రాంతం మొత్తం గురించి ఇదే మాట అన్నారు. తెలంగాణలో చెప్పుకోదగ్గ కవులే లేరని ఎవరో రాస్తే సురవరం ప్రతాపరెడ్డి గారు వాదనకు దిగలేదు. ఊరూరా ఉన్న కవుల వివరాలూ పద్యాలూ సేకరించి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వేశారు. 354 మంది కవులు లెక్క తేలారు. ఆ సంచిక గురించి తరగతిలో చెప్పినప్పుడల్లా నేను పిల్లలకు చెప్పేది ఒకటే. ‘లేదు’ అన్నవాడితో కొట్లాడొద్దు, ఉన్నదాన్ని ఒక్కొక్కటిగా రాసి చూపించు. నా పాఠం ఇరవై ఏళ్లుగా దాని చుట్టూనే తిరుగుతోంది.

సరే, ఎట్లా మొదలుపెట్టానో చెప్తాను. మీ ఇంట్లో బడికి పోయే పిల్లలుంటే మీకూ పనికొస్తుంది.

వ్యాసం అనే మాటే మానేశాను. “పొద్దున లేచిన దగ్గర్నుంచి బడి గేటు దాకా నీ కంటికి కనబడ్డవి, చెవికి వినబడ్డవి, ముక్కుకు తగిలినవి పది రాసుకొని రా. చాలా, ఎంతో, అందమైన అనే మూడు మాటలు మాత్రం వాడొద్దు” అన్నాను. అంతే. మొదటి రోజు సగం మంది నాలుగు దగ్గరే ఆగిపోయారు. వారం తిరిగేసరికి పది చాలడం లేదన్నారు.

ఏమేం వచ్చాయనుకున్నారు! పటాన్‌చెరు నుంచి కోఠి పోయే 218 బస్సులో నిలబడే నిద్రపోయే అన్న. షేర్ ఆటోలో డ్రైవర్‌కు అటూ ఇటూ సగం బయటికి కూర్చున్న హెల్పర్లు. షిఫ్ట్ మారే వేళ ఇస్నాపూర్ చౌరస్తాలో ఒకేసారి వందల సైకిళ్లు. లేబర్ అడ్డా మీద పొద్దెక్కినా పని దొరకక కూర్చున్న తాత. ఇక వాసనలు రాయమంటే మా పిల్లలను మించినవాళ్లు లేరు. రాత్రి ఏ వేళకు ఏ వాసన వస్తుందో, గాలి ఎటు తిరిగితే కుళ్లిన కోడిగుడ్డు వాసన, ఎటు తిరిగితే కాలిన ప్లాస్టిక్ వాసన, ఏ వాసనకు తల నొస్తుందో, దేనికి కళ్లు మండుతాయో, గడియారం లేకుండా చెప్తారు. ఈ తెలివి గైడ్‌లో ఎక్కడుంది?

ఒక కాయితం మాత్రం నా దగ్గర అట్లే దాచుకున్నాను. తొమ్మిదో తరగతి పిల్లవాడు రాశాడు. వాడు రాసినట్టే చెప్తాను.

‘మా నాయిన నైట్ డూటీ చేసి పొద్దుగాల ఆరున్నరకు వస్తడు. మేము లేస్తమని గేటు చప్పుడు చెయ్యడు. చెప్పులు చేత్ల పట్టుకొని లోపలికి వస్తడు. సద్ది డబ్బాల ఎప్పుడైనా ఒక ముద్ద మిగిలిస్తడు. అది మా చెల్లె తింటది. అది సల్లగ ఉంటది గని మా చెల్లెకు అదే ఇష్టం.’

దీన్ని పేరు చెప్పకుండా తరగతిలో చదివాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వెనక బెంచీ నుంచి ఒకడు, “ఆ నాయిన మంచోడు మేడమ్” అన్నాడు.

“మంచోడని ఇందులో రాయలేదు కదా. నీకెట్ల తెలిసింది?”

“చెప్పులు చేత్ల పట్టుకున్నడు కదా మేడమ్.”

చూశారా! సాహిత్యం ఎట్లా పనిచేస్తుందో నేను బోర్డు మీద ఎంత రాసినా అంత బాగా చెప్పలేను. ఆ రోజు మధ్యాహ్నమే పదో తరగతికి పోతనగారి ‘దానశీలము’ పాఠం ఉంది. ఉదయం సంగతి వాళ్లకూ చెప్పి, “బలి చక్రవర్తి గొప్పవాడని పోతన ఊరికే అన్నాడా, మనకు కనబడేట్టు ఏదైనా చూపించాడా? వెతకండి” అన్నాను. వెతికారు. లోకాలన్నీ ఏలే విష్ణువు చెయ్యి కింద, తన చెయ్యి పైన ఉన్న క్షణాన్ని తలచుకొని ఇంతకన్న ఏం కావాలని బలి పొంగిపోయే పద్యం దగ్గర ఒక అమ్మాయి వేలు పెట్టింది. “ఇది కూడా చెప్పులు చేత్ల పట్టుకున్నట్టే మేడమ్, చెయ్యి చూస్తే మనిషి తెలుస్తుండు” అంది. అయిదు వందల ఏళ్లు దాటిన పద్యం, పాశమైలారంలో నైట్ డూటీ దిగి వచ్చిన నాయిన, ఆ నిమిషం ఒకే గదిలో ఉన్నారు. పిల్లలు రాయడం మొదలుపెట్టాకే వాళ్లకు చదవడం వస్తుందని నాకు అప్పుడు గట్టిగా అర్థమైంది.

ఇక్కడ మీలో కొందరికి ఒక సందేహం వచ్చి ఉంటుంది. ‘వస్తడు’, ‘చేత్ల’, ‘సల్లగ’ అని రాస్తే ఊరుకున్నారా, దిద్దలేదా అని. చెప్తాను. మొదటి ఏళ్లలో ఎర్ర పెన్ను పట్టి ఇవన్నీ కొట్టేసేదాన్ని. కాయితం నిండా ఎరుపు చూసిన పిల్లవాడు మళ్లీసారి మూడు లైన్లే రాసేవాడు. తప్పులు తగ్గేవి, రాత కూడా తగ్గేది. అప్పుడు నాలో నేను ఒక గీత గీసుకున్నాను. తప్పు వేరు, యాస వేరు. ‘బాధ’ను ‘భాద’ అని, ‘విద్యార్థి’ని ‘విధ్యార్థి’ అని, ‘ప్రథమ’ను ‘ప్రధమ’ అని రాస్తే తప్పు. అది దిద్దుతాను. అది కూడా ఒక కాయితంలో మూడింటికి మించి కాదు. ఆ మూడూ వాడు మళ్లీ చెయ్యడు. ‘వస్తడు’ తప్పు కాదు, అది వాళ్లమ్మ మాట. అమ్మ మాటను ఎర్ర సిరాతో కొట్టేసే అధికారం నాకు ఎవరిచ్చారు?

అట్లని పరీక్ష భాష నేర్పకుండా ఉండలేదు. ఇంట్ల తొడుక్కునే అంగీ ఒకటి ఉంటుంది, పెండ్లికి తొడుక్కునే అంగీ ఒకటి ఉంటుంది. రెండూ మనవే. ఎక్కడ ఏది తొడుక్కోవాలో తెలిస్తే చాలు అని చెప్తాను. ముందు ఇంటి మాటలో రాయిస్తాను, తర్వాత అదే కాయితాన్ని పరీక్ష భాషలోకి వాళ్లతోనే మార్పిస్తాను. మార్చేటప్పుడు ఏ మాట మారనని మొండికేస్తుందో వాళ్లే కనిపెడతారు. ‘సద్ది’ని ఏం చేయాలని ఒక పూటంతా తర్జనభర్జన పడ్డారు. భోజనం అంటే వేడిగా ఉన్నట్టుంది, చల్దన్నం అంటే పొద్దున తినేదనిపిస్తోంది, నాయిన పట్టుకుపోయేది సద్దే అని తేల్చారు. అట్లే ఉంచారు. నేనూ ఉంచమన్నాను.

ఈ విషయంలో మాకు పెద్ద అండ ఆదిలాబాద్ సామల సదాశివగారు. ‘ఎవరి భాష వాళ్లకు వినసొంపు’ అనే ఆయన వ్యాసం పదో తరగతి వాచకంలో ఉంది. తెలుగుతో పాటు ఉర్దూ, మరాఠీ తెలిసిన మనిషి, హిందుస్తానీ సంగీతం మీద రాసిన ‘స్వరలయలు’కు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న మనిషి, ఎవరి పలుకుబడి వారికి ఇంపుగా ఉంటుందని చెప్తే పిల్లలు నమ్ముతారు. పాకాల యశోదారెడ్డిగారి ‘కొత్తబాట’ చదివించిన రోజు మా పిల్లల మొహాలు చూడాలి. అచ్చులో, పాఠ్యపుస్తకంలో, తమ అవ్వ మాట్లాడినట్టే ఉంది! “ఇట్ల రాస్తే పుస్తకంల వేస్తరా మేడమ్?” అని అడిగిన పిల్ల ఆ రాత్రే ఆరు పేజీలు రాసుకొచ్చింది. ‘నాగేటి సాళ్లల్ల’ పాట వీళ్లందరికీ నోటికి వచ్చు. అది రాసిన నందిని సిధారెడ్డిగారు మన పాత మెదక్ జిల్లా మనిషేనని, కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పిన సారేనని చెప్తే ఒక నిమిషం నన్ను అనుమానంగా చూశారు. పాటలు రాసేవాళ్లు ఎక్కడో దూరంగా ఉంటారని వాళ్ల నమ్మకం.

పాత మెదక్ జిల్లా అన్నాను కదా, ఇక్కడ నా మనసుకు చాలా దగ్గరి మనిషి ఒకాయన ఉన్నాడు. ఆరు వందల ఏళ్ల కిందటివాడు. మెదక్ పట్నానికి దగ్గర్లో కొల్చారం ఉంది. ఆ ఊరి పేరే ఇంటిపేరుగా ఉన్న కోలాచల మల్లినాథసూరి. రఘువంశం, కుమారసంభవం, మేఘసందేశం, ఈ మూడింటికీ ‘సంజీవని’ వ్యాఖ్య రాసినవాడు. కాళిదాసును చదవాలంటే దేశంలో ఎక్కడివాళ్లయినా మన కొల్చారం పండితుడి చెయ్యి పట్టుకునే నడవాలి. ఆ మహానుభావుడు పని మొదలుపెడుతూ రెండు నియమాలు పెట్టుకున్నాడు. ఆధారం లేని మాట ఒక్కటి కూడా రాయకూడదు, అక్కరలేని మాట ఒక్కటి కూడా అనకూడదు.

నేను తరగతి గోడ మీద ఈ రెండూ చార్టు రాసి పెట్టాను. పద్యం వివరించే పండితుడు తనకోసం పెట్టుకున్న కట్టుబాట్లు, ఎనిమిదో తరగతి పిల్లవాడి కాయితానికి అచ్చంగా అతికిపోతాయి. గలగల పారే ఏటికి ఆధారం లేదు. అందమైన అనే మాట అక్కర లేదు. చెప్పులు చేత్ల పట్టుకున్న నాయిన దగ్గర ఈ రెండూ నిలబడ్డాయి.

పద్యపాఠం అనగానే పిల్లలు ప్రతిపదార్థం బట్టీపడతారు. అది గైడ్‌లో దొరుకుతుంది గనుక ఆలోచించాల్సిన పనే లేదు. నిజానికి మాట మాటకూ అర్థం చెప్తూ, కలగాపులగంగా ఉన్న మాటలను వరస పెట్టడమే మల్లినాథుడు చేసింది. ఆ పనిని పిల్లల చేతే చేయిస్తే ఎట్లా ఉంటుందని ఒక ఆట పెట్టాను. సుమతీ శతకంలో ఒక కందపద్యం తీసుకుంటాను. ముందు రాగం తీసి రెండుసార్లు చదువుతాను, అర్థం చెప్పను. తర్వాత పద్యంలో ఒక్కో మాట ఒక్కో చీటీ మీద రాసి, ఒక్కో పిల్ల చేతికి ఇస్తాను. “ఎవరు చేస్తున్నారు? ముందుకు రండి. ఏం చేస్తున్నారు? చివర నిలబడండి. ఎవరిని, ఎప్పుడు, ఎందుకు? మీ మీ తావుల్లో నిలబడండి.” వరండాలో పద్యం వచనమై నిలబడుతుంది. ఒక్క పిల్ల తప్పు చోట నిలబడితే వాక్యం కుంటుతుంది, మిగతావాళ్లే చెయ్యి పట్టి లాగుతారు. ఆ పద్యం ఇక జన్మలో మరచిపోరు. తర్వాత నేను అడుగుతాను, “ఇంత సాఫీగా చెప్పగలిగిన దాన్ని కవి అట్లా ఎందుకు కలిపాడు?” అని. మళ్లీ పాత వరసలో నిలబడి చదువుతారు. “అట్లయితేనే పాటలెక్క ఉంది మేడమ్” అంటారు. ఛందస్సు పాఠం అక్కణ్నుంచి మొదలుపెడితే గణాలు చేదుగా ఉండవు.

ఇప్పుడు మా బడి గురించి ఇంకో సంగతి చెప్పాలి. ఈ కంపెనీలకు పని కోసం దేశం నలుమూలల నుంచి వస్తారు, వాళ్ల పిల్లలు మా బడికి వస్తారు. ఒక్క ఏడో తరగతిలోనే తెలంగాణ తెలుగు, లంబాడీ, ఉర్దూ, హిందీ, భోజ్‌పురి, ఒడియా, నారాయణఖేడ్ వైపు నుంచి వచ్చిన కన్నడ, మరాఠీ, ఇన్ని ఇంటి భాషలున్నాయి. “వీళ్లకు తెలుగు సాహిత్యం ఎట్లా చెప్తారు?” అని సంగారెడ్డిలో ఉండే మా బంధువులు జాలిపడుతుంటారు. జాలి పడాల్సింది ఏమీ లేదు. వానాకాలం మొదలవగానే బోర్డు మీద ‘వాన’ అని రాసి, మీ ఇంట్ల ఏమంటరో చెప్పండి అంటాను. బారిష్ అని ఒకరు, బర్షా అని ఒకరు, పావూస్ అని ఒకరు, మళె అని ఒకరు. బోర్డు నిండుతుంది. ఒడిశా నుంచి వచ్చిన అమ్మాయి తన పేరు తన లిపిలో రాసి, “మా అక్షరాలు కూడ గుండ్రంగనే ఉంటయి” అని మురిసిపోయింది. ఆ రోజు నుంచి తెలుగు అక్షరాలంటే ఆ పిల్లకు భయం పోయింది.

ఒక రోజు ఊరి పేర్ల గురించి చెప్తున్నాను. పటాన్‌చెరుకు పాత పేరు పొట్టలకెరె. కల్యాణి చాళుక్యుల కాలంలో, వెయ్యేళ్ల కింద, రెండో జయసింహుడికి రాజధానిగా ఉన్న పట్నం. ఈ నేలలో జైన విగ్రహాలు ఎన్నో దొరికాయి. ఇంతవరకు చెప్పి, పొట్టలకెరెలో పటాన్‌చెరు ఎక్కడుందో చూడండి అన్నాను. ఎవరికీ తోచలేదు. బీదర్ సరిహద్దు నుంచి వచ్చిన పిల్లవాడు, తెలుగులో ఎప్పుడూ వెనకబడే పిల్లవాడు, నెమ్మదిగా లేచి, “కెరె అంటే చెరువే మేడమ్. మా అవ్వ చెరువును కెరె అంటది” అన్నాడు. తరగతంతా వాడివైపు తిరిగింది. మేము రోజూ పలికే ఊరి పేరులో ఉన్న తాళం వాళ్ల అవ్వ నోట్లో ఉన్న తాళంచెవితో తెరుచుకుంది. ఆ ఏడు వాడు తెలుగులో ఫెయిల్ కాలేదు.

చెరువు మాట వచ్చింది కనుక నీళ్ల సంగతి కూడా చెప్పుకుందాం. వాచకంలో ‘వ్యక్తీకరణ – సృజనాత్మకత’ కింద లేఖలు, కరపత్రాలు రాయమని ఉంటుంది. మంచినీళ్ల సమస్య గురించి అధికారికి లేఖ అనేది ఎప్పుడూ ఉండేదే. మా వీధిలో నీటి ఎద్దడి తీవ్రముగా ఉన్నది, కావున తమరు తగు చర్యలు గైకొని అంటూ పిల్లలు కళ్లు మూసుకొని రాసేస్తారు. నేను ఒప్పుకోను. ‘తీవ్రముగా’ అంటే ఎంత? నల్లా వారానికి ఎన్నిసార్లు వస్తుంది, ఎన్ని గంటలకు, ఎన్ని బిందెలు నిండుతాయి, ఎంతమందికి? పోయి కనుక్కొని రమ్మంటాను. ఒక అమ్మాయి రాసుకొచ్చింది: వారానికి రెండుసార్లు, రాత్రి పదకొండు దాటాక, ఎనిమిది రూములకు కలిపి ఒకటే నల్లా, తన వంతుకు ఆరు బిందెలు, మర్నాడు బడిలో నిద్ర. ఆ లేఖ చదివిన అధికారి ఎవరైనా సరే, పక్కన పడేయడానికి చెయ్యి రాదు.

వాళ్లకు నక్కవాగు కథ కూడా చెప్తాను. పటాన్‌చెరు, బొల్లారం కంపెనీల నీళ్లు వాగులో చేరి, చెరువులూ బావులూ పొలాలూ పాడైతే, ఈ ఊళ్ల జనం ఊరుకోలేదు. పటాన్‌చెరులో వైద్యం చేసుకునే అల్లాణి కిషన్‌రావు గారి లాంటివాళ్లు ఏళ్ల తరబడి తిరిగారు. 1990లో విషయం సుప్రీంకోర్టుకు చేరింది. 2007లో స్వీడన్ పరిశోధకులు ఇక్కడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లను పరీక్షించి, అందులో మందుల అవశేషాలు, ముఖ్యంగా యాంటీబయాటిక్‌లు, ఎంత మోతాదులో ఉన్నాయో లెక్కగట్టి అచ్చువేస్తే ప్రపంచమంతా ఉలిక్కిపడింది. “వాళ్లు ‘చాలా కలుషితం’ అని రాసి ఊరుకున్నారా?” అని అడుగుతాను. “లేదు మేడమ్, కొలిచి రాసిన్రు” అంటారు. గోడ మీద మల్లినాథుడి చార్టు వైపు చూపిస్తాను. పద్యానికి పనికొచ్చిన నియమమే వాగుకూ పనికొచ్చింది.

ఇంతవరకు సంతోషంగానే చెప్పుకొచ్చాను. ఒక్కటి మాత్రం గొంతు తగ్గించి చెప్పాలి.

2025 జూన్ 30. సోమవారం. పొద్దున తొమ్మిది దాటింది. పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో పేలుడు జరిగింది. నలభై మందికి పైగా కార్మికులు పోయారు. బతుకుతెరువుకు దూర రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు వాళ్లలో ఎంతోమంది. ఆ వారం మా తరగతుల్లో హాజరు సగమే. వచ్చిన పిల్లలు మాట్లాడలేదు. నేను రాయమని అడగలేదు. అడగకూడదు. పిల్లల దుఃఖం మనకు అభ్యాసం కాదు. ఆ వారమంతా కథలు చదివి వినిపించాను. ‘మంచి పుస్తకం’ ప్రచురణ సంస్థ వేసిన చిన్న చిన్న పిల్లల కథలు, పాత చందమామ కథలు. వాళ్లకు అప్పుడు కావలసింది పక్కన కూర్చుని ఎవరో ఒకరు చదువుతుండడం. సాహిత్యానికి ఆ పని కూడా ఉంది.

పదిహేను రోజులయ్యాక ఒక పిల్లవాడు బెల్లు కొట్టాక ఆగి, మడిచిన కాయితం టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయాడు. విప్పి చూస్తే రెండే వాక్యాలు. ‘మా పక్క రూముకు తాళం అట్లనే ఉంది. తీసేటోళ్లు ఇంకా రాలే.’

నేను దాని మీద ఏమీ రాయలేదు. మార్కులు వెయ్యలేదు. ఆధారం లేని మాట లేదు, అక్కరలేని మాట లేదు. మర్నాడు వాణ్ని దగ్గరికి పిలిచి, తల మీద చెయ్యి పెట్టాను. అంతే.

“ఇట్లా రాస్తే మార్కులు వస్తాయా?” అని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. గేటు పాస్ కోసం, ఓటీ కోసం ఒళ్లు వంచే మనుషులు, పిల్లల చదువు మీదే ఆశ పెట్టుకున్నవాళ్లు. నా అనుభవం చెప్తాను. కళ్లతో చూసి రాయడం అలవాటైన పిల్లలు పరీక్షలో ఎప్పుడూ చూడని ప్రశ్న వచ్చినా బెదరరు. గైడ్ బట్టీపట్టిన పిల్ల ప్రశ్న కొద్దిగా తిరగేసి ఇస్తే ఆగిపోతుంది. తన మాటతో రాయడం వచ్చిన పిల్ల ఆగదు. మార్కులు వాటంతటవి వచ్చాయి. తగ్గిన పిల్లను నేను చూడలేదు.

ఒకసారి ఒక తండ్రి బడికి వచ్చాడు. బస్‌పాస్ ఫారం మీద సంతకం కోసం వచ్చి, కొడుకు ఎట్లా చదువుతున్నాడని అడిగాడు. చెప్పులు చేత్ల పట్టుకునే నాయిన ఆయనే. బీరువాలోంచి కాయితం తీసి ఇచ్చాను. “నాకు చదువు రాదు మేడమ్, మీరే చదవండి” అన్నాడు. చదివాను. చాలాసేపు నేల చూస్తూ నిలబడ్డాడు. తర్వాత, “నిద్రపోతుండనుకున్న మేడమ్” అన్నాడు.

ఆ కాయితం ఆయనకే ఇస్తానన్నాను. వద్దన్నాడు. మా ఇల్లు చిన్నది, తడుస్తది, మీ దగ్గరే పెట్టండి అన్నాడు. జిరాక్స్ తీసి ఆయనకు ఇచ్చాను. సద్ది డబ్బా సంచిలో, డబ్బా పక్కన పెట్టుకొని వెళ్లాడు.

మీ ఇంట్లో కూడా ఇట్లాంటి పిల్లలే ఉన్నారు. నిద్రపోతున్నారనుకున్నప్పుడు మిమ్మల్ని చూస్తూనే ఉంటారు. ఈ రాత్రి అన్నం తినేటప్పుడు హోంవర్క్ అయిందా అని అడగకండి. ఇయాళ బడికి పోయే తొవ్వల ఏం చూసినవ్ బిడ్డా అని అడగండి. వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే ఒక కాయితం మీద రాయించండి. తప్పులు తర్వాత చూసుకుందాం, దానికి మేమున్నాం. ఆ కాయితం మాత్రం పారేయకుండా దాచిపెట్టండి.